నేను తాగేసిన దేవుడు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా వస్తాయి. వాటిలో చాలావాటిని జనం మరిచిపోయారు. కొన్నిటిని నేనే ఒప్పుకోను. ఒక్కటి మాత్రం మరిచిపోవడానికీ బుకాయించడానికీ కూడా వీలు లేనిది. ఇరవైమూడేళ్ళ వయసులో, వైశాఖమాసంలో, మిట్టమధ్యాహ్నం వేళ, నేను ఒక ఊరి దేవుణ్ణి తాగేశాను. విగ్రహాలు ఎత్తుకుపోయినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. దేవుణ్ణి గడగడా తాగి మూతి తుడుచుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. అందుకని సర్దుకుని కూర్చోండి, చెప్తాను.

అప్పటికి నేను విజయనగరంలో ఒక పండితుడిగారింట మూడేళ్ళు వేదాంతం చదువుకుని వచ్చాను. గురువుగారు పాఠం మొత్తం చెప్పారు. నేను మొదటి సగం విన్నాను. మొదటి సగంలో దేవుడు సర్వాంతర్యామి, ఆయన లేని చోటు లేదు అని ఉంది. అది తెలిసినవాడు ఎలా నడుచుకోవాలన్నది రెండో సగంలో ఉందట. ఆ రెండో సగం జరిగిన నెలల్లో నేను సాయంత్రాలు సంగీత కచేరీలకు పోయి, పగలు గురువుగారి ఎదుట కునికేవాణ్ణి. అలా సగం విద్యతో, పూర్తి గర్వంతో మా మేనమామ ఇంటికి చేరాను.

మా మావయ్య వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. ఊరు కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే దారిలో ఉంటుంది. మనిషి పొడుగు, మాట పొట్టి. మగపిల్లలు లేరు. ఆయన తరవాత గుడి తలుపు తీయవలసింది నేనే. ఒక్కతే కూతురు, సుభద్ర. దానికి పంతొమ్మిదో ఏడు నడుస్తోంది. నాకే ఇవ్వాలని అది ఉయ్యాల్లో ఉన్ననాడే అనుకున్నారు. ఇంకా ఎప్పుడండీ పెళ్ళి అని ఊళ్ళోవాళ్ళు అడిగినప్పుడల్లా మావయ్య, "కుర్రాడు కుదురుకోవాలి గదా," అనేవాడు. కుర్రాడు కుదురుకోవడం అటుంచి, వచ్చిన మర్నాటి నుంచీ ఇంటిల్లిపాదికీ సర్వాంతర్యామి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"అత్తా, ఆ వంకాయలోనూ ఉన్నాడు," అన్నాను ఒక పొద్దున్న, కత్తిపీట ముందు కూర్చున్న మా అత్తతో.

"ఎవరు, పురుగా?" అని అత్త కాయని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పురుగు కాదత్తా, పరమాత్మ."

"అయితే కొయ్యమంటావా, మానెయ్యమంటావా? వేగిరం తేల్చు. పొయ్యి మీద నూనె కాగిపోతన్నాది."

"కోసేదీ ఆయనే, తెగేదీ ఆయనే. ఆ కత్తిపీటా ఆయనే."

గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటున్న సుభద్ర, "మరి కూర వడ్డించేక ఆయనకి వాటా పెట్టవేం బావా? అంతా నువ్వే తినేస్తావు," అంది.

నేను జవాబు వెతుక్కునే లోపల వంకాయలు నూనెలో పడ్డాయి. ఆ ఇంట్లో నా వేదాంతానికి దక్కిన గౌరవం అదీ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. అంతకు ముందు ఏడాది గాలివానకి మా గుడి గర్భాలయం కప్పు కూలింది. షావుకారు గున్నయ్యగారు కొత్త కప్పు వేయిస్తానని ముందుకొచ్చారు. కప్పు విప్పి కట్టినన్నాళ్ళూ దేవుణ్ణి ఆ దుమ్ములో ఉంచరు. మంత్రంతో ఆయన్ని రాతి విగ్రహంలోంచి కలశంలోని నీళ్ళలోకి పిలుస్తారు. ఆ కలశాన్ని మరో గుడిలో పెట్టి పూజ జరుపుతారు. పని పూర్తయ్యాక కలశాన్ని తిరిగి తెచ్చి, ఆ నీళ్ళతో విగ్రహానికి అభిషేకం చేస్తే దేవుడు మళ్ళీ రాతిలోకి వెళ్తాడు. మా అర్చకుల ఇళ్ళలో అందరికీ తెలిసిన పద్ధతే ఇది. అయితే అవి యుద్ధం రోజులు. ఇనుమూ సిమెంటూ కంటికి కనబడేవి కావు. మూడు నెలల్లో అయిపోతుందనుకున్న పనికి పదమూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ మా స్వామి కళింగపట్నంలో, మా చుట్టాలు పూజ చేసే గుడిలో, ఒక రాగి చెంబులో కాపురం ఉన్నాడు.

కప్పు పూర్తయింది. ముహూర్తం పెట్టారు. మావయ్య నన్ను పిలిచాడు.

"ఒరే గోపాలం, కలశం నువ్వు తేవాలి."

"నేనా మావయ్యా?"

"ఆరు కోసులు నడవడానికి నా మోకాళ్ళు సహకరించవు. నువ్వు దాన్ని సరిగ్గా తెచ్చావా, గుడి తాళంచెవి నీ చేతిలో పెడతాను. సుభద్ర ముహూర్తం సంగతి కూడా చూద్దాం."

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిపోయింది. ఇంకో ఏడాది పడుతుందనుకున్న రెండు కోరికలు ఒక్క చెంబుతో తీరబోతున్నాయి.

"అయితే విను," అన్నాడు మావయ్య. "కలశం నెత్తి మీంచి దించకూడదు. దించవలసి వస్తే వడ్లు పోసి, వాటి మీద పెట్టాలి. వట్టి నేల తగలకూడదు. మోసేవాడు మాట్లాడకూడదు. ఇక్కడికి చేరేదాకా ఏదీ నోట పెట్టకూడదు. నీళ్ళు కూడా."

"సర్వాంతర్యామికి వట్టి నేలేమిటి, వడ్లేమిటి మావయ్యా?"

"మాట్లాడకూడదు అన్నాను."

"అది దారిలో కదా?"

"ఇప్పణ్ణించీ అలవాటు చేసుకో."

మా గుడిలో సన్నాయి వాయించే అప్పన్నను నాకు తోడిచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. కలశం ముందు గంట వాయిస్తూ నడవడం అతని పని. ముందురోజు చల్లపొద్దున ఇద్దరం నడుచుకుంటూ కళింగపట్నం చేరాం. మర్నాడు తెల్లవారకుండానే అక్కడి పెద్దాయన కలశం సిద్ధం చేశాడు. చెంబులో రెండు శేర్ల నీళ్ళు, పచ్చకర్పూరం, ఏలకులు, తులసి. మూతి చుట్టూ మావిడాకులు, పైన కొబ్బరికాయ, చెంబు ఒంటి చుట్టూ అల్లిన నూలుదారం.

"బయల్దేరు నాయనా, ఎండెక్కుతాది," అన్నాడాయన.

నెత్తికెత్తుకున్నాక ఎలాగూ మాట్లాడకూడదు కాబట్టి, ఎత్తుకోకముందే నాలుగు మంచి మాటలు చెప్పి పోదామనుకున్నాను. దేవుడు లేని చోటు లేదని మొదలుపెట్టాను. సముద్రం దగ్గర, ఇసకలో, ఎండబెట్టిన చేపల్లో, వలల్లో, తెరచాపల్లో ఆయన ఎలా ఉన్నాడో వివరించాను. ముగించేసరికి తొమ్మిదయింది. పెద్దాయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. నా వేదాంతానికి పెట్టాడనుకున్నాను. ఇక దయచెయ్యమని పెట్టాడని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆ తొమ్మిది గంటలే నా కొంప ముంచాయి. రెండు కోసులు నడిచేసరికి ఎండ నెత్తి మీద నిలబడింది. నెత్తి మీద చెంబు ఉంది కాబట్టి చెంబు మీద నిలబడిందనాలి. నాకు మాత్రం ఒళ్ళంతా నిప్పులే. కాళ్ళ కింద ఇసక వేయిస్తున్న పెనంలా ఉంది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. అది చాలక, అడుగు తడబడినప్పుడల్లా చెంబులోంచి ఒక చుక్క తొణికి నా చెవి పక్కనుంచి జారేది. పచ్చకర్పూరం వాసన, ఏలకుల వాసన. ఆ చుక్క మెడ దాకా రాకుండానే ఆవిరైపోయేది, వాసన మాత్రం నన్ను వదిలేది కాదు.

అప్పుడు అప్పన్న ఆగి, గంట నడుముకి దోపుకుని వెనక్కి తిరిగాడు.

"బావూ, అల్లదిగో తాటితోపు. ముంజెలు దింపుతన్నట్టున్నారు. నీవు తినకూడదు, మాటాడకూడదు. నాకా నేమం నేదు. రెండంటే రెండు ముంజెలు తినేసి ఒచ్చేస్తాను. నీవా జీడిసెట్టు నీడని నిలబడు."

వద్దని తల అడ్డంగా ఊపబోయాను. నెత్తిన కలశం పెట్టుకున్నవాడు తల ఎలా ఊపుతాడు?

"సరే అన్నావు గదా, ఎల్తన్నాను," అని అప్పన్న వెళ్ళిపోయాడు.

జీడిమామిడి చెట్టు కింద నేనూ, దేవుడూ, నా చదువూ మిగిలాం. ఆ ముగ్గురిలో ముందు నోరు విప్పింది నా చదువే.

గోపాలం, ఈ చెంబులో ఉన్నదెవరు అని అడిగింది. పరమాత్మ అన్నాను. అప్పన్న తినే ముంజెల్లో? అక్కడా ఆయనే. మరి నీ గొంతులో? ఇక్కడా ఆయనే, కాకపోతే ఎండిపోయి ఉన్నాడు. అలాంటప్పుడు చెంబులో ఉన్న పరమాత్మని గొంతులో ఉన్న పరమాత్మ దగ్గరికి చేరిస్తే దోషమేమిటి? ఎంత వెతికినా నాకు దోషం దొరకలేదు. మూడేళ్ళ చదువులో ఒక్క ప్రశ్నకి నేను అంత తొందరగా ఒప్పుకున్నది అదే మొదలు.

వట్టి నేల మీద పెట్టకూడదన్నాడు మావయ్య. చెట్టు మీద పెట్టకూడదని అనలేదు. కొమ్మల చీలికలో చెంబు కుదురుగా పెట్టాను. కొబ్బరికాయ తీశాను. ఒక్క పుడిసెడు తాగి మూసేద్దామనుకున్నాను. మొదటి పుడిసెడు గొంతు దాకా కూడా వెళ్ళలేదు, నాలుకే పీల్చేసుకుంది. రెండోది గొంతుకి చాల్లేదు. మూడోదానికి చేతులతో పని కాదని చెంబే ఎత్తాను. కళ్ళు తెరిచి చూసేసరికి అడుగున తులసి ఆకులు కనిపించాయి. మిగిలిన గుక్కెడూ మొహాన చల్లుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీరు తిట్టుకుంటే తిట్టుకోండి, ఇన్నేళ్ళ తరవాత కూడా అంత మంచి నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు.

ఆ హాయి ఎంతోసేపు లేదు. తిరిగి కొమ్మల మధ్య పెట్టిన ఖాళీ చెంబు నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. అవతల తాటితోపులోంచి గంట చప్పుడు వినబడింది. అప్పన్న వస్తున్నాడు. అక్కడికి పది బారల దూరంలో ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది. వేసవికి ఎండిపోయి, మధ్యలో ఒక మడుగు మిగిలింది. చెంబు పట్టుకుని పరుగెత్తి, అందులో ముంచాను. ముంచేటప్పుడు భక్తి ఉండాలని కళ్ళు గట్టిగా మూసుకుని శ్లోకం చదివాను. కళ్ళు తెరిచి చదివి ఉంటే ఈ కథ ఇంకో రకంగా ఉండేది. కొబ్బరికాయ పెట్టేసి, దారం సర్ది, నెత్తికెత్తుకుని చెట్టు కింద నిలబడ్డాను.

"ఏటి బావూ, మొకం కళకళలాడతన్నాది," అన్నాడు అప్పన్న మూతి తుడుచుకుంటూ. "దేవుడు నెత్తినుంటే అంతే మరి."

ఊరి పొలిమేరలో డోళ్ళూ సన్నాయిలూ ఎదురొచ్చాయి. పిల్లా పెద్దా రోడ్డుకి రెండువైపులా నిలబడ్డారు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోస్తున్నారు. షావుకారు గున్నయ్యగారు, నూలు పంచె కట్టుకున్న ఆ పెద్దమనిషి, అందరూ చూస్తుండగా దుమ్ములో సాష్టాంగపడ్డారు. నా నెత్తి మీద గెడ్డ నీళ్ళున్నాయి. దేవుడు నా కడుపులో గుడగుడలాడుతున్నాడు. గున్నయ్యగారు ఏ వైపుకి దణ్ణం పెడుతున్నారో నాకొక్కడికే తెలుసు. మొదటిసారి నాకు భయం వేసింది.

మావయ్య కలశాన్ని అందుకుని గర్భాలయంలోకి తీసుకుపోయాడు. నన్నూ రమ్మని, తెర వేశాడు. వడ్లు పోసి వాటి మీద కలశం పెట్టాడు. కొబ్బరికాయ వైపు చూశాడు. దాని పిలక కిందికి ఉంది. వంగి వాసన చూశాడు. ఉద్ధరిణెతో ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. కొబ్బరికాయ తీసి లోపలికి చూశాడు. లోపలినుంచి, చిటికెనవేలిలో సగం లేని ఒక చేపపిల్ల మావయ్య వైపు చూసింది.

"ఇదేట్రా?"

"చేప మావయ్యా."

"చేపని నాకూ తెలుసు. ఇందులోకి ఎలా వచ్చింది?"

"దశావతారాల్లో మొట్టమొదటిది..."

"గోపాలం."

ఆయన నా పేరు అంత మెల్లిగా ఎప్పుడూ పిలవలేదు. తిట్టినా బాగుండేది. నేను తల దించుకుని జీడిచెట్టు దగ్గర్నుంచీ గెడ్డ దాకా అంతా చెప్పేశాను.

"ఎంత తాగేవు?"

"అంతా. అడుగున గుక్కెడు మిగిలితే మొహాన చల్లుకున్నాను."

"అయితే నీకు లోపలా ఉన్నాడు, బయటా ఉన్నాడు."

మూడేళ్ళు విజయనగరంలో నేర్చుకున్న మాట అది. మావయ్య నోట వింటే అందులో నాకు ఏ సుఖమూ కనిపించలేదు. అయినా చివరి ప్రయత్నంగా, "గెడ్డ నీళ్ళలో మాత్రం ఆయన లేడా మావయ్యా?" అన్నాను.

"ఉన్నాడు. ఆ మాట తెర తీసి వాళ్ళకి చెప్తావా?" అన్నాడు మావయ్య. "పదమూడు నెలలబట్టి తాళం వేసిన తలుపుకి దణ్ణం పెట్టుకుని పోయేరు. వాళ్ళ దేవుణ్ణి దాహమేసి తాగేశానని చెప్పు. నాలుగు తరాల నుంచీ ఈ గుడి మన చేతిలో ఉన్నాది. రేపణ్ణించి ఈ గుమ్మం తొక్కనిస్తారేమో అడుగు."

బయట డోలు వాయిస్తున్నారు. గుడి పోతుంది, మావయ్య పరువు పోతుంది, సుభద్ర పోతుంది. అన్నీ కలిపి రెండు శేర్ల నీళ్ళు.

"ఇప్పుడేం చేద్దాం మావయ్యా?"

"చెయ్యడానికేటుంది? దేవుడు నీలో ఉన్నాడు. కలశం నువ్వే. కూర్చో."

వేళాకోళం అనుకున్నాను. మావయ్య బస్తా విప్పి మూల కుప్పగా వడ్లు పోశాడు. వాటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాడు. రెండు చెవుల వెనకా మావిడాకులు దోపాడు. నూలు ఉండ తీసి, భుజాల దగ్గర్నుంచి నడుం దాకా నాకు దారం చుట్టాడు. కాలి వేళ్ళకి పసుపు రాశాడు. చివరికి నా నెత్తి మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద కొబ్బరికాయ నిలబెట్టాడు. ఈసారి పిలక పైకి ఉంది.

"మావయ్యా..."

"కలశం మాట్లాడదు. కదలదు. ముహూర్తం సాయంకాలం. అప్పటిదాకా ఆయన్ని జాగ్రత్తగా పట్టుకో."

మూడు గంటలు. వడ్ల మీద ఎప్పుడైనా కూర్చున్నారా మీరు? ఒక్కొక్క గింజకీ రెండేసి ముళ్ళుంటాయి. పైగా రెండు శేర్ల నీళ్ళు తాగినవాడు మూడు గంటలు కదలకుండా ఎలా కూర్చున్నాడని మీలో కొందరు అడగబోతున్నారు. అడక్కండి. అంత భయంతో, అంత ఏకాగ్రతతో ఏ యోగీ కూర్చుని ఉండడని మాత్రం చెప్పగలను. స్వామి ఏ దారిన వెళ్ళిపోతాడో అని నాకు చెమటలు పట్టాయి. తీరా చూస్తే ఆ చెమటలే నన్ను కాపాడాయి.

కాసేపటికి సుభద్ర పూలసజ్జ పట్టుకుని తెర పక్కనుంచి లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. కొబ్బరికాయ దగ్గర్నుంచి పసుపు కాళ్ళ దాకా తీరిగ్గా చూసింది. నేను కళ్ళతోనే, తండ్రీ కూతుళ్ళలో ఒక్కరైనా దయ చూపండి అని అడిగాను.

"నాన్నా, ఈ కలశానికి మీసం ఉన్నాది," అంది.

"పూలు పెట్టి వెళ్ళమ్మా," అన్నాడు మావయ్య.

నా రెండు మోకాళ్ళ మీదా చెరో గన్నేరుపువ్వు పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. తెర అవతల ఏదో గంగాళం మీద పడిపోయినట్టు చప్పుడైంది. నవ్వు ఆపుకోలేక సుభద్రే పడిందని తరవాత తెలిసింది.

ఆ తరవాత వచ్చింది గున్నయ్యగారు. ఆగలేకపోయారు పాపం. తెర అంచు కొంచెం ఎత్తి, "అయ్యగోరూ, ఇంకెంతసేపు..." అంటూనే నన్ను చూసి నోరు తెరిచేశారు.

ఇక అయిపోయిందనుకున్నాను. మావయ్య లేచాడు. జీవితంలో అబద్ధం ఆడని మనిషి. నా వైపు ఒకసారి చూసి, "గున్నయ్యగారూ, ఈ పూటకి స్వామి ఈ పాత్రలో ఉన్నాడు. ఎందుకని మాత్రం అడక్కండి," అన్నాడు.

"నానెందుకడుగుతాను? మీరేటి సేసినా శాస్త్రమే గదా," అన్నారు గున్నయ్యగారు. "ఒక్క ముక్క సెప్పుకోవచ్చా సామితోటి?"

మావయ్య నూతి దగ్గర పని ఉందని బయటికి వెళ్ళిపోయాడు.

గున్నయ్యగారు నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఊళ్ళో సగం మందికి ఆయన్ని చూస్తే జంకు. గొంతెత్తి మాట్లాడితే బజారు చివరికి వినిపించేది. ఆ మనిషి నా చెవి దగ్గరికి వంగి, చిన్నపిల్లాడిలా గుసగుసగా మాట్లాడాడు. పోయిన వాళ్ళమ్మ గురించి. ఏమన్నాడో తరవాత చెప్తాను, కాదు, అసలు చెప్పను. ఆయన గొంతు మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. చెప్పడం అయ్యాక నా పసుపు కాళ్ళ మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. దేవుడు అంతటా ఉన్నాడని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేను. నిజంగా ఆయన వింటాడని నమ్మి ఒక మనిషి మాట్లాడుతుంటే, ఆ మాట పడవలసిన చోట నేను కూర్చుని ఉన్నాను. నాలో వేదాంతం ఉంది, గెడ్డ దగ్గర చదివిన శ్లోకం ఉంది, ఆ మాట అందుకోవడానికి తగినది ఒక్కటీ లేదు. స్వామీ, నువ్వు నాలో ఎక్కడైనా ఉంటే ఈయన చెప్పింది విను, నన్ను ఏం చేసినా సరే అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి ప్రార్థన అదేనేమో. కన్నీళ్ళకి తల వణికింది. నెత్తి మీది కొబ్బరికాయ జారి, సూటిగా గున్నయ్యగారి వీపు మీద పడింది.

ఆయన ఉలిక్కిపడి లేచారు. కాయని చూశారు, నన్ను చూశారు. కాయని రెండు చేతులతో కళ్ళకద్దుకుని ఉత్తరీయంలో మూటకట్టుకున్నారు.

"ఇన్నాడు సామి," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

సాయంకాలం ముహూర్తానికి మావయ్య మంత్రం చదివి, కొత్త కలశంతో స్వామికి అభిషేకం చేశాడు. తెర తీశాడు. ఊరంతా ఒక్కసారి గోవింద కొట్టింది. చేపపిల్లని అప్పటికే నూతిలో వదిలేశారు. నన్ను దారాలు విప్పి వదిలారు. నేను ఎటు పరుగెత్తానో మీకు చెప్పనక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న అరుగు మీద మావయ్య పక్కన కూర్చున్నాను.

"మావయ్యా, ఆయన్ని నాలోంచి ఎప్పుడు తీశావు? నాకు తెలియనే లేదు."

"నీలోంచి తియ్యడమేటి? నూతిలో నీళ్ళు తోడేను. పిలిచేను. వచ్చేడు."

"అంతేనా?"

"అంతటా ఉన్నవాడికి రావడానికి ఎంతసేపురా."

"అలాంటప్పుడు ఆరు కోసులు నెత్తిన మొయ్యడం ఎందుకు?"

"అంతటా ఉండడం ఆయన పని. ఉన్న చోట ఉండడం మన పని," అన్నాడు మావయ్య. "మొయ్యడం ఆయన కోసం కాదు, మన కోసం."

గురువుగారి పాఠంలో నేను నిద్రపోయిన రెండో సగం బహుశా ఇదే. అయినా ఊరుకోక, "మరి నూతి నీళ్ళతో అయిపోయేదానికి నన్ను మూడు గంటలు వడ్ల మీద ఎందుకు కూర్చోబెట్టినట్టు?" అన్నాను.

జవాబు లోపలినుంచి మా అత్త చెప్పింది. "అది నేనడిగేను. ఊరంతా వచ్చే రోజు, వీడి నోరు ఒక్క పూట ఎలాగైనా మూయించండి అని ముందురోజే చెప్పేను మీ మావయ్యకి. ఎలా మూయిస్తారో అనుకున్నాను. అనుకోకుండా నువ్వే దారి చూపించేవు."

నేను లేచి లోపలికి పోబోయాను. మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గున్నయ్యగారు నీతో ఏటన్నారు?"

నోటిదాకా వచ్చింది. ఏ మాటైనా నా నోటిదాకా వస్తే ఆగడం అప్పటిదాకా జరగలేదు. ఆయన గొంతు ఆగిన చోటు గుర్తొచ్చింది.

"అది నాతో అన్నది కాదు మావయ్యా."

"నాకు చెప్పవా?"

"చెప్పను."

మావయ్య తాళంచెవి మొలలోంచి తీసి మా మధ్య అరుగు మీద పెట్టాడు. లోపలి వైపు తిరిగి, "ఆ పంచాంగం ఇలా తే," అన్నాడు.

పంచాంగం తెచ్చింది అత్త కాదు, సుభద్ర. తండ్రి చేతికిస్తూ నా వైపు చూడకుండానే, "పరవాలేదు నాన్నా. చెంబు కారదు," అని వెళ్ళిపోయింది.

గున్నయ్యగారు పోయి ఇప్పటికి ఎన్నో ఏళ్ళయింది. ఆ రోజు ఆయన చెప్పిన మాట సుభద్రకి కూడా చెప్పలేదు. మీకూ చెప్పను. అది తప్ప దాచుకున్నది ఏమీ లేదు కాబట్టి, ఇందుమూలంగా పాఠకులందరి ఎదుట, తూర్పు ముఖంగా నిలబడి శపథం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, ఎంత ఎండ కాసినా, నాలుక ఎంత పిడచకట్టుకుపోయినా, ఎంత వేదాంతం గుర్తొచ్చినా, మరే ఊరి దేవుణ్ణీ నేను తాగను. మిగతా దేవుళ్ళెవరైనా ప్రయాణం పెట్టుకుంటే భయం లేకుండా నా నెత్తికెక్కవచ్చు. బయల్దేరే ముందు మాత్రం, దయచేసి నన్ను కడుపునిండా మంచినీళ్ళు తాగనివ్వండి.